శనివారం నాయన

అమెరికా నుంచి వచ్చే వీడియో క్యాసెట్లు మా కొట్లో ఒకే ఒక్క మిషన్‌లో ఆడేవి. మిగతా మిషన్లలో పెడితే బొమ్మ కిందికి జారిపోతూ ఉండేది. ఆ ఒక్క మిషన్‌కు ఇంకొకటి తగిలించి, అసలు క్యాసెట్ లోంచి మన క్యాసెట్ లోకి ఎక్కించడం నా పని. ఎక్కుతున్నంతసేపూ లేచి పోకూడదు. ముద్దు వచ్చేటట్టుంటే ఎక్కించే మిషన్ మీద పాజ్ బటన్ నొక్కాలి, అది గడిచాక వదలాలి. కొట్టు నడిపే బుడేన్ సాహెబ్ పెట్టిన నియమం అది.

"సంసారాలు చూసే క్యాసెట్లు మునీంద్రా. ముందే నొక్కు. అయిపోయినాక నొక్కితే ఏం లాభం?" అనేవాడు.

నేను ముందే నొక్కేవాణ్ణి. ఎప్పుడూ ఆలస్యం చేయలేదు.

మా ఇంట్లో పదో తరగతి దాటినవాణ్ణి నేనొక్కణ్ణే. కడపలో బి.ఏ. చదివి, ఎనభై ఎనిమిదిలో కువైట్ వచ్చాను. కొట్టు అబూ హలీఫాలో, సముద్రానికి రెండు వీధుల ఇవతల ఉండేది. మా వైపు వాళ్ళకు ఉత్తరం రాయాలన్నా, అక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం చదివి చెప్పాలన్నా నా దగ్గరికే వచ్చేవాళ్ళు. ఏ కాగితమైనా తప్పుల్లేకుండా, కొట్టివేతల్లేకుండా రాయడం నాకు ఇష్టంగా ఉండేది.

ఎనభై తొమ్మిది చలికాలంలో ఫింతాస్ నుంచి ఒక అమెరికా ఇంజనీరు రావడం మొదలుపెట్టాడు. వాళ్ళ చెల్లెలు అమెరికాలో టీవీలో వచ్చే సీరియల్ ఒకటి క్యాసెట్ మీద పట్టి పంపేది. అది మన మిషన్లలో ఆడేటట్టు కాపీ చేయించుకునేవాడు. ఒక్కో భాగం అరగంట. విడాకులైన తండ్రి ఒకడు, బట్టలు ఉతికే షాపు మీద చిన్న గదిలో ఉంటాడు. ఎనిమిదేళ్ళ కొడుకు వారమంతా తల్లి దగ్గర, శనివారం మాత్రం తండ్రి దగ్గర. తండ్రికి వంట రాదు. కొడుకు తల దువ్వడం రాదు. ఏం చేసినా తప్పవుతుంది. తప్పయినప్పుడల్లా కనపడని మనుషులు నవ్వుతారు. కొట్లో పెట్టుకోవడానికి ఇంకో కాపీ తీసి, దాని మీద తెలుగులో 'శనివారం నాయన' అని చీటీ అంటించాను.

ఆ కాపీని చూసినవాళ్ళు ఇద్దరే. పెంచలన్న, ఆయన కూతురు రెడ్డెమ్మ.

పెంచలన్నది కోడూరు పక్కన పల్లె. మొదట్లో ఆయనా, ఆయన భార్య కళావతక్కా ఒకే కువైటీ ఇంట్లో ఉండేవాళ్ళు. ఆయన డ్రైవరు, ఆమె వంటా ఇంటిపనీ. పాప అక్కడే పుట్టింది. తర్వాత ఆయన దొంగసారా కాచే గదిలో పట్టుబడ్డాడు. పని పోయింది. ఆ కోపంలో ఒకరోజు ఆమె మీద చెయ్యి చేసుకున్నాడు, ఇంటి పిల్లలు చూస్తుండగా. ఆమె మళ్ళీ ఆయనతో మాట్లాడలేదు. పాపను తీసుకుని ఇంకో ఇంట్లో పనికి చేరింది. ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, ముసలామె, ఒంటరిది. పాప ఉంటే ఇల్లు ఇల్లులా ఉందని ఉండనిచ్చింది. పెంచలన్న తాగడం మానేశాడు. కబ్ద్‌లో ఎడారి గొర్రెల దొడ్లకు నీళ్ళ ట్యాంకరు తోలే పనిలో చేరాడు. కానీ అప్పటికే అంతా అయిపోయింది.

మా బిల్డింగు మిద్దె మీద మనవాళ్ళు నలుగురు పెద్దమనుషులు కూర్చుని తెగతెంపులు చేశారు. కాగితం నేనే రాశాను. 'ఇకపై ఎవరి దారి వారిది. పాప తల్లి వద్ద ఉండును. ప్రతి శుక్రవారము మధ్యాహ్న భోజనము మొదలు, సాయంత్రము మసీదులో పిలుపు వినిపించువరకు తండ్రి వద్ద ఉండును.' కొట్లోంచి స్టాంపు ప్యాడు తెచ్చి ఇద్దరి చేతా వేలిముద్రలు వేయించాను. ఒక్క కొట్టివేత కూడా లేదు.

పెంచలన్న కబ్ద్‌లో ఉండేది రేకుల గది. అక్కడ ఇంకో ఆరుగురు మగవాళ్ళు. ఆడపిల్లను అక్కడికి తీసుకుపోలేడు. అందుకని శుక్రవారం స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, పాపను మామా ఇంటి గేటు దగ్గర తీసుకుని నేరుగా మా కొట్టుకు వచ్చేవాడు. వెనక గదిలో రెండు స్టూళ్ళు వేసేవాణ్ణి. వాళ్ళకు ఇంగ్లీషు రాదు. నేను పక్కన కూర్చుని తెలుగులో చెప్పేవాణ్ణి.

"ఎవురు చిన్నాయనా నగుతాండేది?" అని మొదటి రోజే అడిగింది రెడ్డెమ్మ. అప్పుడు దానికి ఐదున్నరేళ్ళు.

"వాళ్ళు కనపడరు పాపా. ఆడ కూచోని ఉంటారు."

"ఎందుకు నగుతారు? ఆయప్ప గుడ్డు మాడ్చుకున్యాడు గదా, పాపం."

"మీ నాయన గూడా మాడుస్తాడు లే. అప్పుడు నువ్వూ నగుదువు" అన్నాడు పెంచలన్న. తర్వాత నా వైపు తిరిగి, "ఏం బియ్యే, ఈ తెల్లోడు నా కత యాడ ఇన్యాడు? వానికి శనివారం, నాకు శుక్రారం. అంతే గదా తేడా" అన్నాడు.

"ఆయనకు సొంత గది ఉండాదన్నా."

"నాకు గొర్రెలుండాయి. వానికి యాడివి?"

రెండు మూడు భాగాలయ్యాక రెడ్డెమ్మ ఆ నవ్వుకు అలవాటు పడింది. వాళ్ళకంటే ముందే నవ్వేది. క్యాసెట్ ఆగగానే "ఖలాస్?" అని రెండు చేతులూ తిప్పేది.

ఆరో భాగంలో వాన కురుస్తుంటుంది. తల్లి కొడుకును వదిలిపెట్టడానికి వచ్చి తడిసిపోయి గుమ్మంలో నిలబడుతుంది. తండ్రి దగ్గరికి వస్తాడు. ఇద్దరి ముఖాలూ దగ్గరవుతాయి. నేను పాజ్ నొక్కాను. అందుకని మా కాపీలో తల్లి గుమ్మంలో ఉంటుంది, వెంటనే తలుపు మూసి ఉంటుంది, తండ్రి ఒక్కడే నేల తుడుస్తుంటాడు.

"వాళ్ళమ్మ యాడికి పోయె?" అంది రెడ్డెమ్మ.

"పోయింది పాపా."

ఏడో భాగం తర్వాత క్యాసెట్లు రాలేదు. ఇంజనీరును అడిగితే, అక్కడ ఎవరూ చూడడం లేదని ఆ సీరియల్‌ను తీసేశారన్నాడు. అది ఎక్కడా ముగియలేదు. నేను ఆ మాట పాపకు చెప్పలేదు. ఎనిమిదోది వస్తుందని చెప్పాను. వాళ్ళు శుక్రవారాలు ఉన్న ఏడింటినే మళ్ళీ మళ్ళీ చూశారు.

ఆగస్టు రెండో తేదీ గురువారం ఇరాక్ సైన్యం వచ్చింది. మరుసటి రోజు శుక్రవారం. పెంచలన్న రాలేదు. రోడ్ల మీద ట్యాంకులున్నాయి. ఆ పై శుక్రవారం వచ్చాడు, సగం దూరం నడిచి, సగం దూరం గొర్రెలు కాసే ఒక బదూవాడి పికప్‌లో గొర్రెల మధ్య కూర్చుని. గడ్డం పెరిగింది. చొక్కా ఇస్త్రీ లేదు. కొట్లోకి రాగానే పాప ఎక్కడని అడిగాడు.

మామా వేసవికి కొడుకుల దగ్గరికి లండన్ వెళ్ళి అక్కడే ఉండిపోయింది. కళావతక్కా పాపా ఆ పెద్ద ఇంట్లో ఇద్దరే ఉన్నారు. సైనికులు వచ్చి ఏసీలు ఊడదీసుకుపోయిన రోజున ఆమె పాపను తీసుకుని మా బిల్డింగులో ఖైరున్‌బీ దగ్గరికి వచ్చేసింది. ఖైరున్‌బీది రాయచోటి. పెంచలన్న మళ్ళీ కబ్ద్ పోలేదు. కింద కొట్లో నా దగ్గర పడుకునేవాడు. పై అంతస్తులో ఆమె, కింద ఈయన. పొద్దున రొట్టెల వరసలో ఇద్దరూ నిలబడేవాళ్ళు, ఆడవాళ్ళ వరసలో ఆమె, మగవాళ్ళ వరసలో ఈయన. ఆయనకు ముందు దొరికితే రెండు రొట్టెలు పాప చేతికిచ్చి పైకి పంపేవాడు. ఆమె వద్దనలేదు.

బుడేన్ సాహెబ్ కొట్టు తాళాలు నాకిచ్చి కారులో జోర్డాన్ దారి పట్టాడు. ఆ నెల మూడో వారంలో సైనికులు లారీ తెచ్చి టీవీలు, మిషన్లు, క్యాసెట్లు అన్నీ ఎక్కించుకున్నారు. నన్నే మోయమన్నారు. మోశాను. వాళ్ళలో ఒకడు 'శనివారం నాయన' తీసి, చీటీ మీద రాత అర్థంకాక కింద పడేశాడు. దాన్ని ఖాళీ అరలో పెట్టాను. ఎందుకు పెట్టానో తెలియదు.

అప్పటికి మనవాళ్ళను బస్సుల్లో బస్రా, బాగ్దాద్ మీదుగా అమ్మాన్ పంపి, అక్కడి నుంచి విమానాల్లో బొంబాయి చేరుస్తున్నారు. మనవాళ్ళే కొందరు ఒక బడిలో కూర్చుని జాబితాలు రాస్తున్నారు. మా వైపు జాబితా చూసే ఆయన పేరు వెంకటసత్యనారాయణ, ఊరు అమలాపురం దగ్గర. దజీజ్‌లో ఒక గోడౌన్ స్టోర్ కీపరు.

"మీ కడప వాళ్ళ ఫారాలు మీరే నింపెయ్యండి బాబూ. ఇంగ్లీషొచ్చినోళ్ళు దొరకట్లేదండి నాకు" అని ఒక కట్ట నా చేతిలో పెట్టాడు. "ముందు సంసారాలు. ఒంటరి మగాళ్ళు ఆఖర్నండి. అది గుర్తెట్టుకోండి."

వారం రోజుల్లో నూట నలభై ఫారాలు రాశాను. పాస్‌పోర్టులు చాలామందికి చేతిలో లేవు, పనిలో పెట్టుకున్న కఫీళ్ళ దగ్గర ఉండిపోయాయి. కఫీల్ పేరు, ఇఖామా నంబరు, ఊరు, తండ్రి పేరు. ఆ తర్వాత నాలుగు గళ్ళు. పెళ్ళికానివారు, పెళ్ళైనవారు, భర్త గానీ భార్య గానీ పోయినవారు, విడాకులైనవారు. నాలుగో గడిలో ఉన్న ఇంగ్లీషు మాట నాకు ఆ సీరియల్ ఏడు భాగాల నుంచి బాగా తెలుసు.

కళావతక్క వచ్చినప్పుడు పాపను చేత్తో పట్టుకుని పక్కకు చూస్తూ నిలబడింది.

"ఏం రాస్తాండావు?"

"పేరూ ఊరూ అక్కా."

"రాయి."

నాలుగో గడిలో గుర్తు పెట్టాను. పాప పేరు ఆమె కింద రాశాను. పెంచలన్నకు వేరే ఫారం తీసి, అందులోనూ నాలుగో గడిలోనే గుర్తు పెట్టాను. ఇద్దరినీ అడగలేదు. తెలిసిన సంగతి ముఖం మీద అడగడం మర్యాద కాదనుకున్నాను. పైగా ఆ మిద్దె మీది కాగితం రాసింది నేనే. రాసినది రాసినట్టు ఉండాలి కదా అనుకున్నాను. ఇద్దరూ వేలిముద్రలు వేశారు.

సెప్టెంబరు రెండో వారంలో మావాళ్ళ బస్సు రోజు వచ్చింది. పెంచలన్న గడ్డం గీసుకున్నాడు. ఒక నీళ్ళ క్యాను, గుడ్డలో చుట్టిన రొట్టెలు, పాప చెప్పులు ఒక మూటగా కట్టుకున్నాడు. నా పేరు ఆ బస్సులో లేదు, నేను ఒంటరి మగాణ్ణి. పెంచలన్న పాప తండ్రి కాబట్టి అదే బస్సులో పోతాడనుకున్నాను. సాగనంపడానికి వెళ్ళాను. బడి ఆవరణలో వెంకటసత్యనారాయణ జాబితా చదువుతున్నాడు.

"కళావతి. పాప రెడ్డెమ్మ. ఎక్కండమ్మా, ఎక్కండి."

పెంచలన్న కూడా కాలు ముందుకు పెట్టాడు.

"మీరెవరండీ?"

"పెంచల్ సార్. పాప నాయన."

ఆయన జాబితా మొత్తం వేలు పెట్టి చూశాడు. వెనక కాగితాలు తిప్పాడు. "మీరు ఇందులో లేరండి. ఒంటరి మగాళ్ళలో ఉన్నారు. అది వచ్చే నెల మాటండి."

నేను ముందుకు పోయి చెప్పాను. "వాళ్ళకు విడాకులైనాయి సార్. అందుకని వేరేగా రాసినా."

"కోర్టు కాయితం ఉందాండీ?"

"కోర్టు కాదు సార్. మిద్దె మీద పెద్దమనుషులు కూచోని..."

"మిద్దె మీదా!" అన్నాడాయన. పెన్ను చెవి వెనక పెట్టుకున్నాడు. "మా ఊళ్ళో అరుగు మీద కూచుని ఇలాంటియ్యి నెలకి నాలుగు రాసేత్తారండి. దాన్ని విడాకులంటారేంటండీ బాబూ? చట్టం లెక్కలో వీళ్ళిద్దరూ మొగుడూ పెళ్ళాలే. రెండో గళ్ళో గుర్తెట్టుంటే ముగ్గురూ కలిసి పోయేవారు కదండీ. బి.ఏ. చదివానన్నారు."

"ఇప్పుడు మార్చండి సార్."

"నలభై తొమ్మిది సీట్లండి, నలభై తొమ్మిది పేర్లు. ఎవర్ని దింపమంటారు? చెప్పండి, దింపేద్దాం."

బస్సు కిటికీల్లోకి చూశాను. ముందు సీట్లో ఒకామె ఒళ్ళో పసిబిడ్డ. దాని వెనక ఇద్దరు ముసలివాళ్ళు.

కళావతక్క బస్సు మెట్టు మీద ఆగి ఉంది. "ఏందంట?" అని అడిగింది. చెప్పాను. ఆమె అరవలేదు.

"ఆ మాట నిన్ను ఎవురు రాయమన్యారు మునీంద్రా?"

"నిజమే గదా అక్కా..."

"నిజమే. నేను అడిగితే రాయల్ల. దోవలో యాడో ఎడారిలో దించుతారంట, డేరాల్లో పండుకోవల్లంట, నీళ్ళకు కొట్టుకుంటాండారంట. నాకు ఆయన వద్దు. వద్దనే కాయితం రాపిచ్చుకున్యా. కానీ పాపకు నాయనే గదా. పాప ఆ పక్కన, ఆయన ఈ పక్కన, నడమ మూట పెట్టుకోని కూచుందామని నేను రాత్రే అనుకున్యా."

పెంచలన్న ఆ మాట విన్నాడు. మూట ఆమె చేతికిచ్చాడు. నీళ్ళ క్యాను పైకి అందించి, "మూత గట్టిగా తిప్పు, కారుతాది" అన్నాడు. రెండేళ్ళలో ఆయన ఆమెతో మాట్లాడిన మొదటి మాట అది అనుకుంటాను.

"తిప్పుతా" అంది ఆమె.

రెడ్డెమ్మ కిటికీలోంచి తల బయట పెట్టింది.

"నాయనా, నువ్వు యాల ఎక్కల్యా?"

"ఎనక బస్సులో వస్తా."

"శుక్రారం వస్తావా?"

"వస్తా."

పాప నా వైపు చూసింది. "చిన్నాయనా, ఎనిమిదోది వచ్చెనా?"

"ఇంకా రాలేదు పాపా."

"వస్తే ఎత్తిపెట్టు."

బస్సు కదిలింది. డ్రైవరు ఇరాకీ, యల్లా యల్లా అంటూ అడ్డం నిలబడ్డవాళ్ళను తప్పుకోమన్నాడు. మేము తప్పుకున్నాం. అబూ హలీఫాకు తిరిగి నడిచి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది.

ఆ బస్సు వెళ్ళింది సోమవారం. మంగళ, బుధ, గురువారాలు పెంచలన్న రొట్టెల వరసలో నిలబడ్డాడు, రెండు రొట్టెలు తెచ్చాడు, అరలో పెట్టాడు. రెండూ మిగిలిపోయేవి.

శుక్రవారం మధ్యాహ్నం ఆయన స్నానం చేసి, ఉన్న చొక్కాల్లో మంచిది వేసుకున్నాడు. తల దువ్వుకున్నాడు. వీధిలోకి వెళ్ళాడు. ఎక్కడికని నేను అడగలేదు. మామా ఇంటి గేటు దాకా పోయి వచ్చి ఉంటాడు, ఎప్పుడూ పట్టేంత సేపే పట్టింది. తిరిగి వచ్చి వెనక గదిలో స్టూలు మీద కూర్చున్నాడు. రెండో స్టూలు పక్కనే ఉంది. ఎదురుగా గోడ మీద టీవీ ఉండిన చోట మేకులు మాత్రం ఉన్నాయి.

"యాడిదాకా పోయింటారు?"

"అమ్మాన్ చేరింటారన్నా. విమానం కోసరం ఉంటారు."

"ఊఁ."

నాలుగు రోజులుగా అనాలనుకున్నది అప్పుడు అన్నాను. "అన్నా, నేను అడగల్సింది. అడక్కుండా రాసినా. తప్పు నాది."

ఆయన మేకుల వైపు చూశాడు.

"నన్ను అడిగింటే నేనేం చెప్పిండేవాణ్ణి? సిగ్గుకు, నువ్వు రాసిందే రాయమని చెప్పిండేవాణ్ణి." పక్క స్టూలు మీద చెయ్యి ఆనించాడు. "ఆమెను అడిగింటే మాత్రం రాయనిచ్చిండేది కాదు."

నేను తల దించుకున్నాను. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

"పెట్టు" అన్నాడు.

"ఏం పెట్టేది అన్నా? మిషన్ లేదు గదా."

"నోటితో చెప్పు. ఎప్పుడూ చెప్పేది నువ్వే గదా. ఆరోది చెప్పు."

చెప్పాను. గదిలో తండ్రి కొడుకు కోసం అట్టు వేస్తుంటాడు. పిండి పైకప్పుకు అంటుకుంటుంది. "ఇక్కడ నగుతారు" అన్నాను. పెంచలన్న తల ఊపాడు. బయట వాన మొదలవుతుంది. గంట మోగుతుంది. పిండి చేతులతో తలుపు తీయడానికి పోయి జారి పడతాడు. "ఇక్కడ గూడా నగుతారు." తలుపు తీస్తాడు. గుమ్మంలో ఆమె, తడిసిపోయి.

అక్కడ ఆగాను. వేలు ఒళ్ళో ఉన్నా, బటన్ మీద ఉన్నట్టే ఉంది.

"తర్వాత తలుపు మూసి ఉంటాది. వాడు నేల తుడుస్తాంటాడు" అన్నాడు పెంచలన్న. ఆయనకు అన్నీ కంఠతా వచ్చు.

"నడమ కొంచెం ఉండాదన్నా. నేను తీసేసినా."

"ఏముండాది?"

"ఆమె యెంటనే పోదు. ఆయన తువాలు ఇస్తాడు. తల తుడుచుకుంటాది. ముద్దు వస్తుందేమోనని నేను ముందే నొక్కినా. ఎక్కించే దాంట్లో ఆగిపోయింది గానీ, టీవీలో మాత్రం నేను చూసినా. ముద్దు కాదు. ఆయన భుజం మీద నొసలు ఆనిస్తాది. అట్లే నిలబడతారు. అంతే."

"ఎంతసేపు?"

"పది సెకన్లు ఉండచ్చు."

"కలుస్తారా మళ్ళా?"

"లేదన్నా. తువాలు మడిచి ఇచ్చి ఆమె పోతాది."

పెంచలన్న ఆలోచించాడు. "ఆడ నగుతారా వాళ్ళు?"

"లేదు. ఆడ ఎవురూ నగరు."

ఆయన మళ్ళీ తల ఊపాడు. మిగతా కథ చెప్పాను. నేల తుడవడం, కొడుకు ఆ తడి నేల మీద జారడం, ఇద్దరూ నేల మీదే కూర్చుని అట్లు తినడం. అయిపోయింది. ఖలాస్ అని ఎవరూ అనలేదు. ఆయన లేవలేదు. వీధిలో ఒక సైనిక వాహనం పోయింది.

కాసేపటికి మసీదులో పిలుపు వినిపించింది. నేను కాగితంలో రాసిన వేళ అది. పెంచలన్న లేచాడు. పక్కనున్న ఖాళీ స్టూలు తీసి, ఎప్పుడూ పెట్టే చోట గోడకు ఆనించి పెట్టాడు.

"వచ్చే వారం ఏడోది చెప్పు. దాంట్లో గూడా ఏమన్నా తీసేసింటే, అదీ చెప్పు" అన్నాడు.